మూడు కాదు, ఎనిమిదే

కళ్ళజోళ్ళాయన దుకాణంలో ఎవరు అడుగుపెట్టినా ముందు గోడ మీది అక్షరాల పలక చూపించి చదవమంటాడు. దారి అడగడానికి ఆగిన పాపానికి చదివిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఉత్తరాలిచ్చే పోస్టుమాను కింది వరుస దాకా కంఠతా పట్టేశాడు. మందు సీసా గానీ, బస్సు బోర్డు గానీ, పాల ప్యాకెట్టు మీద తేదీ గానీ, కళ్ళజోళ్ళాయన చూసేది ఒక్కటే: అక్షరం ఎంత ఉంది, ఎంత దూరం నుంచి కనపడుతుంది. "కనపడని అక్షరం ఎంత నిజం చెప్పి ఏం లాభమండీ?" అని వచ్చినవాళ్ళకల్లా పాఠం చెప్పేవాడు. బాగా కనపడే అక్షరం అబద్ధం చెప్తే ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు. ఆ ఆలోచన రావడానికి ఒక తొట్టెడు చేపలు చావాల్సి వచ్చింది.

చేపలు ఆయనవి కావు, వాళ్ళక్కవి. ఆవిడ రెండు వీధుల అవతల ఒక మేడ మీది వాటాలో ఒక్కతే ఉంటుంది. డాక్టరుగారి ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక ఆవిడ ఉద్యోగం. ఒకప్పుడు ఆ కిటికీ దగ్గర చేదు మందు ఉమ్మేసి మారాం చేసిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని చంకనేసుకుని వస్తున్నారు. అందరికీ ఆవిడ మందులక్కయ్యే. సీసా మీది పేరు ఒకసారి మనసులో చదువుతుంది, ఒకసారి పైకి చదువుతుంది, ఆ తర్వాతే చెయ్యి దాటనిస్తుంది. వెనక నిలబడ్డవాళ్ళు ఎంత సణిగినా సరే, రెండుసార్లంటే రెండుసార్లే. ఇన్నేళ్ళలో ఆవిడ చేతి మీదుగా ఒక్క పొరపాటు జరగలేదని డాక్టరుగారే పదిమందిలో చెప్పేవాడు.

అసలు కళ్ళజోళ్ళాయన కళ్ళజోళ్ళాయన అయింది కూడా ఆ అక్క వల్లే. చిన్నప్పుడు ఆయన బళ్ళో పేరుమోసిన మొద్దు. బోర్డు మీద రాసింది ఎక్కించుకోమంటే పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసేవాడు. మాస్టారు మొద్దన్నాడు, నాన్న మొద్దన్నాడు, ఆఖరికి వాడూ నిజమే కాబోలనుకున్నాడు. ఒకరోజు అక్క ఒక ఖాళీ మందు సీసా పట్టుకుని గదిలో ఆ చివర నిలబడి చదవమంది. వాడు నోరు తెరవలేదు. దగ్గరకొచ్చి మళ్ళీ చదవమంది. గడగడా చదివేశాడు. అక్క వాణ్ణి చెయ్యి పట్టుకుని నాన్న దగ్గరికి లాక్కెళ్ళి, "వీడు మొద్దు కాదు నాన్నా, వీడికి కనపడట్లేదంతే" అంది. ఆ ఒక్క మాటతో వాడి ముక్కు మీదికి అద్దాలొచ్చాయి. ఆ అద్దాలే తర్వాత వాడికి కూడు పెట్టాయి.

ఇక చేపల తొట్టి సంగతి. అది ముందు ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిలో ఉండేది. జ్వరమొచ్చిన పిల్లలంతా అద్దం మీద దరువేస్తుంటే డాక్టరుగారికి చేపల మీద జాలేసింది. "వీటికి రక్తపోటు వచ్చేలా ఉందమ్మా, మీ ఇంటికి పట్టుకుపో" అని అక్క చేతిలో పెట్టాడు. పళ్ళెంలా గుండ్రంగా, బల్లపరుపుగా, ఒంటి మీద నీలం గీతలతో ఉండే చేపలవి. పుట్టిందే వెచ్చటి నీళ్ళలో కాబట్టి చల్లదనం పడదు. నీళ్ళు చల్లబడితే తిండి మానేస్తాయి, ఒళ్ళు నల్లబడుతుంది, మూలకు చేరి ముడుచుకుంటాయి. "ఇరవై ఎనిమిది డిగ్రీలు ఉండాలమ్మా, మర్చిపోకు" అన్నాడు డాక్టరుగారు. డాక్టరు చెప్పాక అక్కకు అది మందు చీటీతో సమానం.

ఒంటరి ఇంట్లోకి చేపలొచ్చాక ఆవిడ మాటలు ఎక్కువయ్యాయి. అన్నిటికన్నా పెద్దదానికి దొరసాని అని పేరు పెట్టింది. తిండి వెయ్యగానే వెనక్కి తగ్గి, అందరూ తిన్నాక మిగిలింది ఏరుకునే చిన్నదానికి మొహమాటం అని పెట్టింది. తమ్ముడొస్తే టీ కన్నా ముందు చేపల కబుర్లే ఇచ్చేది.

చలి మొదలవగానే హీటరు పెట్టాల్సి వచ్చింది. డాక్టరుగారి పాత హీటరుకు తిప్పే బొత్తాం ఉంది గానీ, దాని మీది అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. కాబట్టి నీళ్ళ వేడి చూసుకుంటూ కొద్దికొద్దిగా తిప్పుకోవాలి. చూసుకోవడానికి తొట్టిలో ఒక గాజు థర్మామీటరు ఉండేది. పుల్లంత గాజు గొట్టం, లోపల వెంట్రుకంత ఎర్ర గీత. అక్క దాని ముందు మెడ వంచి, కళ్ళు చికిలించి చూసి విసుక్కుంది. "కళ్ళజోళ్ళు అమ్ముకుంటావు కదరా, మీ అక్కకి కనపడేది ఒకటి కొనిపెట్టలేవూ?" అంది. ఆ మాట ఆయనకు సన్మానంలా వినిపించింది.

చేపలమ్మే దుకాణం పెద్దాయన ఉన్న రకాలన్నీ బల్ల మీద పరిచాడు. తొట్టి అద్దానికి బయట అంటించే రంగుల పట్టీ ఒకటి. రబ్బరు గుబ్బతో లోపల అతుక్కునే గాజుది ఇంకొకటి. మూడోది బ్యాటరీతో నడిచేది. తీగ చివర ఉన్న గింజ నీళ్ళలో మునుగుతుంది, బయట డబ్బీ మీద అంకెలు పడతాయి.

"పట్టీ సంగతి వదిలెయ్యండి బాబూ, అది సగం నీళ్ళ మాట చెప్తుంది, సగం గది మాట చెప్తుంది. మిగతా రెండిట్లో ఏదైనా సరే, నాలుగైదు తీసి ఒకే తొట్టిలో వేసి చూడండి. మాట కలిసినవాటిలో ఒకటి పట్టుకెళ్ళండి" అన్నాడు పెద్దాయన, చేతిలో వల పట్టుకుని మరో కొనేవాడి కోసం పారిపోయే చేప వెంట పడుతూ.

కళ్ళజోళ్ళాయన చెవిన అది పడలేదు. పడినా ఎక్కలేదు. అన్నిటినీ అరమీద వరసగా నిలబెట్టి, వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టాడు. జనాన్ని నిలబెట్టి పలక చదివించినట్టే, థర్మామీటర్లను నిలబెట్టి పరీక్ష పెట్టాడన్నమాట. గాజుది గుమ్మం దగ్గరికి అసలు ఆనలేదు. పట్టీ మసకగా ఆనింది. బ్యాటరీ డబ్బీ మాత్రం వీధిలోకి దిగినా కనపడింది, బొటనవేలంత అంకెలు, నల్లగా, నిక్కచ్చిగా. పరీక్షలో అదే మొదటి మార్కు. అన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి, ఎంత బాగా కనపడుతోందో చూశాడు గానీ ఏం కనపడుతోందో చూడలేదు.

అదే అక్క ఇంట్లో బిగించాడు. "పాతది కూడా ఉండనీరా, తోడుగా ఉంటుంది" అంది అక్క. సీసా మీది పేరు రెండుసార్లు చదివే మనిషి కదా, అలాగే అంటుంది. "ఒక ఒరలో రెండు కత్తులెందుకక్కా?" అని నవ్వుతూ పాత గాజుది పీకి జేబులో వేసుకున్నాడు. దుకాణానికి వెళ్ళాక దాన్ని బల్ల సొరుగులో, స్క్రూడ్రైవర్ల మధ్య పడేసి మర్చిపోయాడు. అక్క ఆ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చుని, బొత్తాం ఇంత తిప్పి కాసేపు ఆగి, మళ్ళీ ఇంత తిప్పి, ఇరవై ఎనిమిది పడేదాకా ఓపిక పట్టింది. పడగానే ఫోను చేసింది. "ఎంత బాగా కనపడుతోందిరా! మంచం మీంచే చదువుతున్నా" అంది. తమ్ముడి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

చలి ముదిరింది. చేపలు తిండి తగ్గించాయి. అక్క లేవగానే అంకె చూసేది, ఆసుపత్రికి వెళ్ళబోతూ చూసేది, వచ్చాక చూసేది. ఎప్పుడు చూసినా ఇరవై ఎనిమిదే. వేడి సరిగ్గానే ఉంది కనక రోగం ఇంకేదో అనుకుంది. నీళ్ళు మార్చింది, మేత మార్చింది, చేపలాయన ఇచ్చిన మందు చుక్కలు లెక్కపెట్టి మరీ వేసింది. అయినా ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. చివరికి దొరసాని కూడా పక్కకి ఒరిగిపోయింది.

కబురు తెలిసి తమ్ముడు పరుగున వెళ్ళేసరికి అక్క వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉంది. మిగిలిన ఒకే ఒక్క చేప, మొహమాటం, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఉంది. తొట్టి ప్లగ్గులన్నీ పీకేసి ఉన్నాయి. డబ్బీ బ్యాటరీ తీసేసి బల్ల మీద బోర్లా పడి ఉంది.

"దొరసానిని తీద్దామని చెయ్యి పెడితే నీళ్ళు చల్లగా తగిలాయిరా" అంది అక్క. "డాక్టరుగారికి ఫోన్ చేశాను. అవి చలికే పోయాయమ్మా అన్నాడు. నేనేమో రోజూ ఇరవై ఎనిమిది అనే చదువుకున్నాను. ఇరవై మూడుని ఇరవై ఎనిమిది అనుకున్నట్టున్నానురా. ఈ అంకెల్లో మూడూ ఎనిమిదీ ఒకేలా ఉంటాయి కదూ?"

ఆయనకు అప్పుడు ఇంకా ఏమీ తెలియదు. ఆమె మొహం చూసి ఏదో ఒక ఓదార్పు మాట అనాలనిపించింది. "అవునక్కా, పుల్లలు పేర్చినట్టు ఉంటాయి కదా ఈ అంకెలు. ఒక పక్క రెండు పుల్లలు పడితే మూడు కాస్తా ఎనిమిదైపోతుంది. ఎవరైనా పొరబడతారు" అన్నాడు. అక్క తలూపింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది. "దాని మొహం చూడలేను, నువ్వు పట్టుకుపో" అని డబ్బీ ఇచ్చేసింది.

మర్నాడు దుకాణంలో ఏదో చిన్న మర కోసం వెతుకుతుంటే సొరుగులో పాత గాజుది చేతికి తగిలింది. ఊరికే, చేతులు ఖాళీగా ఉండి, రెండిటినీ నీళ్ళ గ్లాసులో పెట్టాడు. భోజనం డబ్బా తెచ్చిన భార్య చూసి, "మనుషుల వంతు అయిపోయిందా, ఇప్పుడు మంచినీళ్ళకి జ్వరం చూస్తున్నారా?" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. గాజుది ఒక మాట చెప్తోంది, డబ్బీ ఐదు డిగ్రీలు ఎక్కువ చెప్తోంది.

గాజుదే పాడైందేమో అనుకున్నాడు. కాదు, అలా అయితే బాగుండునని ఆశపడ్డాడు. పక్కనున్న కూల్‌డ్రింకుల కొట్టులో ఐసు అడిగి తెచ్చి, నలగ్గొట్టి, మగ్గు నిండా వేసి, ఐసు సందుల్లోకి దిగేంత నీళ్ళు పోసి కలియబెట్టాడు. కరుగుతున్న ఐసు ఎక్కడైనా సున్నా డిగ్రీలే ఉంటుంది. బడి చదువులో ఆయనకు మిగిలిన నాలుగు ముక్కల్లో అదొకటి. గాజుదాంట్లో ఎర్ర గీత దిగి దిగి సరిగ్గా సున్నా దగ్గర నిలబడింది. డబ్బీ మీద ఐదు పడింది. నల్లగా, నిక్కచ్చిగా, వీధిలోంచి కూడా చదవగలిగినంత పెద్ద ఐదు.

అంటే నీళ్ళు ఇరవై మూడు ఉన్నప్పుడు డబ్బీ ఇరవై ఎనిమిది చూపించింది. అక్క ఇరవై ఎనిమిదిని ఇరవై ఎనిమిది అనే చదివింది. ఆమె కళ్ళు ఏ పొరపాటూ చెయ్యలేదు. పొరపాటు చేసింది ఆయన ఎంపిక. అది చాలదన్నట్టు, అవునక్కా పొరబడ్డావని తలూపి వచ్చింది ఆయన నోరు.

సాయంత్రం వెళ్ళి చెప్పేద్దామనుకున్నాడు. వానొచ్చింది. వాన ఏ దుకాణదారుణ్ణీ ఇల్లు చేరకుండా ఆపలేదు గానీ, అక్క ఇంటికి వెళ్ళకుండా మాత్రం ఈయన్ని ఆపింది.

ఆ మరుసటి రోజు అక్కే దుకాణానికి వచ్చింది. పని వేళలో ఆమె కిటికీ వదిలి రావడం ఆయన ఎన్నడూ చూడలేదు. లోపల ఇద్దరు కొనేవాళ్ళు ఫ్రేములు చూసుకుంటున్నారు. అక్క తిన్నగా పలక ముందు కుర్చీలో కూర్చుంది.

"నా కళ్ళు సరిగ్గా చూడరా. మొహమాటపడకు. చేపల్ని చంపిన కళ్ళు రేపు ఏ పసిపిల్లనో చంపవని ఏముంది? పొద్దున ఒక సీసా మీది పేరు నాలుగుసార్లు చదివినా నమ్మకం చాలక, పక్కమ్మాయిని పిలిచి చదివించుకున్నాను."

ఆయన పరీక్ష చేశాడు. కింది వరుస దాకా చదివింది. పోయినసారికీ ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా లేదు. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చి నిలబడింది. 'కళ్ళు భేషుగ్గా ఉన్నాయి' అంటే, 'మరి చేపలెలా పోయాయి?' అని అడుగుతుంది. ఇద్దరు కొనేవాళ్ళు వింటున్నారు. ఈ దుకాణంలో ఆయన మాటంటే అంగుళం అటూ ఇటూ ఉండదని పేరు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఆఖరికి నోరు విప్పాడు.

"కొద్దిగా మారిందక్కా. ఈ వయసులో మామూలే. కొత్త జోడు చేసిస్తాను."

ఇంతకన్నా నీచమైన మాట ఆయన నోటి నుంచి అంతకు ముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కంచే చేను మేసిందంటారే, అదీ సంగతి. కొత్త ఫ్రేములో అదే పవరు అద్దాలు బిగించి ఇచ్చాడు. అక్క పెట్టుకుని గోడ మీది పలక చూసి, "అబ్బ, ఎంత తేడారా!" అంది. ఆ తేడా ఎక్కడుందో ఆయనకు తెలుసు.

అక్కడితో సర్దుకుంటుందనుకున్నాడు. కానీ అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక కొత్త ఫ్రేము చూసి వెళ్ళిపోదు. అక్క సీసాలు కిటికీ వెలుతురులోకి పట్టుకుని చదవసాగింది. చదివింది పక్కమ్మాయి చేత మళ్ళీ చదివించసాగింది. వీధి దాటాలంటే ఎవరైనా తోడు దొరికేదాకా నిలబడేది. ఇంట్లో, తిరిగి తొట్టిలోకి చేరిన మొహమాటం కోసం, నీళ్ళలో చెయ్యి ముంచి వేడి చూసుకునేది. కళ్ళకన్నా చెయ్యే నయమట. ఒకరోజు భార్య వచ్చి, "వదినగారు ఉద్యోగం మానేస్తున్నారట, విన్నారా?" అన్నప్పుడు కళ్ళజోళ్ళాయన చేతిలోని అద్దం జారి కింద పడింది. ఎవరూ ఏమీ అనకముందే, "నేనేం చేశాను?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే ఇదే. భార్య ఆయన మొహంలోకి చూసి, "మిమ్మల్ని ఎవరన్నారండీ?" అంది.

అప్పుడు బయల్దేరాడు ప్రాయశ్చిత్తానికి. అయితే నిజం చెప్పే ప్రాయశ్చిత్తం కాదు, పని చేసే ప్రాయశ్చిత్తం. అది కాస్త తేలిక. చేపల దుకాణానికి వెళ్ళి, గాజు థర్మామీటర్లన్నీ దింపించి, ఒకే తొట్టిలో వేసి, ముక్కు అద్దానికి ఆనించి కూర్చున్నాడు. ఒకటి అందరికన్నా ఎక్కువ చెప్పింది, దాన్ని తీసేశాడు. ఒకటి వెనకబడింది, దాన్నీ తీసేశాడు. మిగిలినవన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. వాటిలోంచి వెనక తెల్ల రంగు పూసి, గీతలు ఎడంగా ఉన్నది ఏరాడు. ఐసు మగ్గులో పెట్టి సున్నా కూడా సరిచూశాడు. "అప్పుడేమో గుమ్మం దాకా వెళ్ళి చూశారు, ఇప్పుడేమో తొట్టిలో దూకేలా ఉన్నారు. మధ్యలో ఎక్కడైనా ఆగరా బాబూ మీరు?" అన్నాడు పెద్దాయన.

నిజం చెప్పేది దొరికింది గానీ, అది అక్కకు కనపడాలి కదా. ఎవరో వదిలేసిపోయిన, చదువుకునే కళ్ళజోడు తాలూకు దళసరి అద్దాన్ని నిలువు పట్టీలా కోసి, అంచులు అరగదీసి, కాళ్ళు అతికించి, తొట్టి బయట అద్దానికి కాస్త ఎడంగా నిలబడేలా చేశాడు. థర్మామీటరు మీద ఇరవై ఎనిమిదికి అటూ ఇటూ ఆకుపచ్చ రంగు పూశాడు. ఎర్ర గీత కొస ఆకుపచ్చలో ఉంటే చాలు, అంకె చదవక్కర్లేదు. ఆయన జీవితంలో చేసిన పనుల్లో అంత ముద్దొచ్చే పని ఇంకొకటి లేదు. సంచిలో ఆ కొత్తదానితో పాటు అబద్ధాల డబ్బీ కూడా వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో అప్పటికి ఆయనే ఒప్పుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం. అక్క బల్ల మీద ఆసుపత్రి కిటికీ తాళంచెవి ఉంది. "రేపు ఆ అమ్మాయికి అప్పజెప్పి వచ్చేస్తున్నానురా" అంది, టీ పెట్టడానికి లేస్తూ. ఆయన తొట్టి ముందు కూర్చుని, హీటరుకు దూరంగా రెండో చివర గాజుది అతికించాడు. బయట అద్దం పట్టీ నిలబెట్టాడు. వెంట్రుకంత ఎర్ర గీత కాస్తా పెన్సిలంత లావుగా లేచింది.

అక్క వచ్చి వంగి చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం విప్పారింది. "ఎంత చక్కగా చేశావురా! నా కళ్ళకి తగ్గట్టు చేశావు" అంది. మళ్ళీ చూసింది. ఇంకాస్త మెల్లగా, "ఇదే అప్పుడుండి ఉంటే ఈ గుడ్డిది దొరసానిని చంపుకునేది కాదు" అంది.

తన చేతులతో చేసుకొచ్చిన ఆ అద్దం ముక్క ఏం చేస్తోందో అప్పుడు ఆయనకు అర్థమైంది. నీ కళ్ళు పోయాయి అక్కా, ఇదిగో సాక్ష్యం, అని తనే తెచ్చి అక్క ఇంట్లో నిలబెట్టాడు.

"అక్కా, నువ్వు తప్పు చదవలేదు" అన్నాడు.

"ఏంటి?"

"అది మూడు కాదు. ఎనిమిదే. డబ్బీ మీద పడింది ఇరవై ఎనిమిదే. నువ్వు సరిగ్గానే చదివావు. అదే తప్పు చెప్పింది, ఐదు ఎక్కువ చెప్తుంది. నేను సరిచూడకుండా కొన్నాను. పాతది ఉండనీరా అన్నావు, నేనే పీకేశాను."

అక్క మెల్లగా కుర్చీలో కూర్చుంది. పొయ్యి మీద టీ పొంగి మంట మీద పడి చుయ్యిమంది. ఇద్దరూ లేవలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

ఆయన భయపడింది ఈ ప్రశ్నకే. "నువ్వు దుకాణానికి రావడానికి ముందు రోజే."

"అంటే ఈ జోడు?"

"అదే పవరక్కా. ఫ్రేమే మారింది."

అక్క కొత్త కళ్ళజోడు తీసి చేతిలో తిప్పి తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ గొంతు లేవలేదు.

"చేపల సంగతి వదిలెయ్. వస్తువన్నాక తప్పు చెప్తుంది, మనిషన్నాక తప్పు కొంటాడు. నిన్ను అందరూ మొద్దన్నప్పుడు నేనేమన్నానురా?"

"కనపడట్లేదంతే అన్నావు" అన్నాడు.

"నీకు కనపడట్లేదని నేను ఇంటిల్లిపాదికీ చెప్పాను. నాకు కనపడుతోందని నువ్వు నాకొక్కదానికి చెప్పలేకపోయావా?"

ఆ పెద్ద మనిషి, పలక ముందు ఊరందరినీ కూర్చోబెట్టే మనిషి, తొట్టి పక్కన నేల మీద కూలబడి ఏడ్చాడు. అక్క ఓదార్చలేదు. లేచి వెళ్ళి పొయ్యి ఆపింది. బీరువాలోంచి పాత కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"ఆ డబ్బీ తెచ్చావా?"

సంచిలోంచి తీసి ఇచ్చాడు. బ్యాటరీ వేసి, తీగ నీళ్ళలోకి జారవిడిచి, డబ్బీని గాజుదాని పక్కనే నిలబెట్టమంది. తను గదిలో ఆ చివరికి, వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది.

"ముప్పై మూడు" అని అక్కణ్ణుంచి చదివింది. "నీదెంత?"

ఆయన కళ్ళు తుడుచుకుని అద్దం పట్టీలోకి చూశాడు. "ఇరవై ఎనిమిది."

"ఐదు తీసేసి చదువుకుంటే సరిపోయేదిరా. ఎంత తప్పు చెప్తుందో తెలిస్తే, తప్పు చెప్పేదాన్ని కూడా వాడుకోవచ్చు. తెలియనివ్వకపోతేనే చస్తాం." అని బల్ల మీది తాళంచెవి తీసుకుని తన సంచిలో వేసుకుంది. టీ ఇవ్వలేదు. పొంగగా మిగిలింది ఒక కప్పే, అది తనే తాగింది.

ఆయన వెళ్ళబోతూ అద్దం పట్టీ తీసెయ్యబోయాడు. "ఉండనీ" అంది అక్క. "నాక్కాదు, నీకు. రోజూ పొద్దున్నే వచ్చి నువ్వే చదివి చెప్పు."

అప్పటినుంచి కళ్ళజోళ్ళాయన దుకాణం తెరిచే ముందు అక్క ఇంటికి వెళ్తాడు. మొహమాటం ఇప్పుడు తిండికి ముందే వచ్చి నిలబడుతుంది, పోటీకి ఎవరూ లేరు మరి. తొట్టిలో ఆ ఖాళీ చూసినప్పుడల్లా ఆయన తల దించుకుంటాడు. ఆసుపత్రికి తయారైన అక్క వంటింటి గుమ్మంలోంచే, "ముప్పై మూడు" అంటుంది. ఆయన ముక్కు ఆనించి ఎర్ర గీత చూసి, "సరిగ్గా చదివావక్కా" అంటాడు.

ఆ మాట ఆ రోజు దుకాణంలోనే అనాల్సింది. ఇప్పుడు రోజూ అంటున్నాడు.